పరిచయం రాసుకునేవారికి క్యాంప్ 1 నుంచి కొన్ని తలకిందుల సలహాలు

కథ పంపినా బొమ్మ పంపినా వెనకాలే ఒక కబురొస్తుంది: మీ గురించి నాలుగు మాటలు రాసి పంపండి. కథకు రెండు రాత్రులు, బొమ్మకు ఒక ఆదివారం పట్టినవాణ్ని ఆ నాలుగు మాటలు వారం రోజులు కూర్చోబెడతాయి. ఏం చెప్పాలి? ఏది చెబితే అది నేననిపిస్తుంది?

దీనికి అందరికీ తెలిసిన వరస ఒకటుంది. ముందు పేరు. ఆపైన చదువు, ఉద్యోగం. తర్వాత అచ్చయిన పత్రికలు, వచ్చిన బహుమతులు. చివర్లో చోటు మిగిలితే అభిరుచులు: పుస్తకాలు చదవడం, పాటలు వినడం. పెద్దలు నాకూ ఇదే నేర్పారు. ఇరవై ఏళ్లు ఇలాగే రాశాను. ఇప్పుడు నా దగ్గరికి బొమ్మల పుస్తకం పట్టుకొచ్చే పిల్లలకు పూర్తిగా దీనికి అడ్డంగా చెబుతున్నాను. విన్నవాళ్లు ఇవి పిల్లల్ని చెడగొట్టే సలహాలంటారు. ఒక్కొక్కటీ నమ్మే చెబుతున్నాను. తెలుగు రాష్ట్రాల బయట పుట్టి, తెలుగులో రాసుకుంటూ, బొమ్మలేసుకుంటూ బతుకుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇవి ముందుగా మీకు.

పేరుకంటే ముందు చిరునామా రాయండి. పెద్ద ఊరి పేరుతో సరిపెట్టొద్దు, మీ పేట పేరు రాయండి. నాది క్యాంప్ 1. భిలాయి అని ఆపేయొచ్చు. కానీ భిలాయి అనగానే చాలామందికి సెక్టార్లు కళ్లముందుకొస్తాయి: వరసగా క్వార్టర్లు, వెడల్పాటి రోడ్లు, చెట్ల నీడ. అవి రైలు పట్టాలకు ఆ పక్క. మేము ఈ పక్క. ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. ఆ రెండు తేదీల మధ్య పునాదులు తవ్వినవాళ్లు, ఇటుకలు మోసినవాళ్లు, ఇనుప చట్రాలు నిలబెట్టినవాళ్లు రాత్రయితే ఎక్కడో ఒకచోట నడుం వాల్చాలి కదా. వాళ్ల విడిదులే ఈ క్యాంపులు. అంకెలే వాటి పేర్లు. బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు నుంచి సంచీ భుజానేసుకుని పవర్ హౌస్ స్టేషన్లో దిగినవాళ్లలో మా నాన్న ఒకడు. విడిదంటే మన వైపు పెళ్లివారికి మూడు రోజులిచ్చే ఇల్లు. మా విడిదికి డెబ్బై ఏళ్లు కావస్తున్నాయి.

చదివేవాళ్లకు ఇదంతా అక్కర్లేదని మీకు చెబుతారు. అక్కర ఉంది. నా బొమ్మల్లో ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఎందుకు ఆనుకుని ఉంటాయో, మనుషులు గదుల్లో కాక గుమ్మాల్లోనే ఎందుకు కూర్చుని ఉంటారో, రాత్రి ఆకాశానికి నేను నలుపు బదులు కుంకుమ రంగు ఎందుకు పూస్తానో, అంతా ఆ 1 అనే అంకెలో ఉంది. చిన్నప్పుడు వాకిట్లో మంచమేసుకుని పడుకుంటే ప్లాంటు వైపు ఆకాశం ఉండుండి ఎర్రబడేది. కరిగిన స్లాగు ఒంపుతున్నారని పెద్దవాళ్లు అనుకునేవాళ్లు. రాత్రంటే అలాగే ఉంటుందనుకున్నాను. ఎనిమిదేళ్లప్పుడు బొబ్బిలి దగ్గర మా తాత ఊళ్లో మొదటిసారి నల్లటి రాత్రి చూసి, ఏదో ఆరిపోయిందని అమ్మను లేపాను.

ఈ సలహాకు నాకో పెద్ద తోడుంది. సంజీవదేవ్. 1914లో పుట్టి 1999లో పోయిన ఆయన రచయిత, చిత్రకారుడు, ఫొటోలు తీసినవాడు, ఉత్తరాలు రాయడాన్నే ఒక కళ చేసినవాడు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర ఉండి వచ్చాడు, ఎక్కడెక్కడి కళాకారులతోనో స్నేహం చేశాడు. తిరిగి వచ్చి గుంటూరు జిల్లాలో తన పల్లెలోనే ఉన్నాడు. ఆయన స్వీయచరిత్ర సంపుటి పేరేమిటో తెలుసా? తుమ్మపూడి. ఆ పల్లె పేరే. హిమాలయాలు చూసిన మనిషి కథకు అట్ట మీద ఊరిపేరు ఒక్కటే సరిపోయింది.

తర్వాత చెప్పేది నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది. ఇష్టాలు రాసేటప్పుడు కారణం చెప్పకండి. చోటు చెప్పండి. ఫలానా చిత్రకారుడి రేఖలో లాలిత్యం ఉంటుందనో, ఫలానా రచయిత శైలి గుండెను తాకుతుందనో రాస్తే అది ఎవరైనా రాయగలరు. ఆ బొమ్మ మీ కంటబడినప్పుడు మీరెక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు, పొయ్యి మీద ఏముంది? అది ఇంకెవరూ రాయలేరు.

నాకు శంకర్ బొమ్మలంటే ప్రాణం. అసలు పేరు కె.సి. శివశంకరన్. చందమామలో భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ని గీసిన ఆయన 2020లో కన్నుమూశారు. ఎందుకిష్టమని అడిగితే నేను మా ఇంటి అరుగు సంగతి చెబుతాను. బళ్లో మాకు హిందీ. ఇంట్లో మాట తెలుగు, అక్షరం లేదు. అమ్మకు చదువు రాదు, నాన్నకు కూడబలుక్కుని చదివేపాటి వచ్చు. నాన్నతో పనిచేసే ఒకాయన సెలవుకు ఊరెళ్లినప్పుడల్లా పాత తెలుగు చందమామలు తెచ్చేవాడు. పక్కింటివాళ్ల దగ్గర హిందీ చందమామలు ఉండేవి. ఒక మధ్యాహ్నం రెండూ అరుగు మీద పక్కపక్కన పరిచి చూస్తే రెండింటిలో ఒకే బొమ్మ కనబడింది. అదే శ్మశానం, అదే చెట్టు, రాజు మోచెయ్యి అదే వంపు. కింద అక్షరాలు మాత్రం వేరు. హిందీలో కథ తెలుసు కాబట్టి తెలుగులో ఆ మాట ఎక్కడుంటుందో వెతకడం మొదలుపెట్టాను. ‘రాజు’ దొరికింది. ‘చెట్టు’ దొరికింది. అలా ఒక వేసవి అంతా బొమ్మను వంతెన చేసుకుని ఇవతలి నుంచి అవతలికి దాటాను. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక, ఒక తమిళుడి కుంచె, ఛత్తీస్‌గఢ్‌లో ఒక అరుగు, నాకు తెలుగు అక్షరాలు. శంకర్ రేఖ గురించి నేను ఎంత గొప్ప విమర్శ రాసినా ఈ అరుగంత నిజం అందులో ఉండదు.

అందుకే అంటున్నాను, వెతుక్కోండి మీ అరుగుని.

ఇంకోటి కూడా అక్కణ్నుంచే పుట్టింది. ఎవర్ని చూసి కాపీ కొట్టారో పేర్లతో సహా రాయండి. కొత్తవాళ్లు ఇది దాచిపెడతారు, సొంత బాణీ లేదనుకుంటారేమోనని. నేను మూడేళ్లు వడ్డాది పాపయ్య బొమ్మల మీద ట్రేసింగ్ కాగితం పరిచి గీశాను. ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. చందమామ అట్టల మీద వపా అనే రెండక్షరాలు మా వీధిలో పెద్దవాళ్లకు సొంత చుట్టం పేరులా ఉండేవి; మనూరోడు అనేవాళ్లు. పాపయ్య గారు వేసిన స్త్రీల కొప్పులు, తల వాల్చే తీరు, చీర కుచ్చెళ్లలో పలచగా పొర మీద పొరగా పారే రంగు, ఇవేవీ నాకు అబ్బలేదు. ఆ మూడేళ్లలో నేను నేర్చుకున్నది చెయ్యిని నెమ్మది చేసుకోవడం.

అక్షరం మాత్రం బాపు దగ్గర కాపీ కొట్టాను. తెలుగువాళ్లలో బాపు చేతిరాతను కాపీ కొట్టని బొమ్మలాయన ఉంటే నాకు చూపించండి. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టి, లా చదివి, ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేసిన ఆయన మామూలు తెలుగు అక్షరానికే ఒళ్లు విరుచుకోవడం నేర్పాడు. ఆ రాత తర్వాత కంప్యూటర్ ఫాంటు కూడా అయింది. శుభలేఖల మీదా దుకాణాల బోర్డుల మీదా దాన్ని చూస్తూ పెరిగిన తరానికి అది అక్షరమాల లాంటిదే. కాపీ కొట్టానని రాస్తే మీ పూర్వీకుల పేర్లు చెప్పినట్టు. గోత్రం దాచుకునేవాళ్లుంటారా?

పరిచయంలో డిగ్రీలకంటే ఇష్టాలు ముందుండాలనడానికి కూడా రుజువు బాపు పక్కనే ఉంది. ముళ్లపూడి వెంకటరమణ రాసి బాపు బొమ్మలేసిన బుడుగు. ఆ పిల్లవాడు పుస్తకం తెరవగానే తనెవరో తనే చెప్పుకుంటాడు. పేరు, ఇంట్లోవాళ్లు, తనకు నచ్చేవి, గిట్టనివి. చదువుకు, బహుమతులకు అందులో చోటే లేదు. ఆ పుస్తకం 1950ల నాటిది. అప్పట్నుంచి ఎన్ని ఇళ్లలో వాడు సొంత పిల్లాడై తిరిగాడో లెక్క లేదు. తెలుగులో ఇంతకన్నా మంచి స్వీయపరిచయం నేను చదవలేదు. పరిచయం రాయడానికి కూర్చునే ముందు ఆ మొదటి పేజీలు ఒకసారి చదవమని నా దగ్గరికొచ్చే పిల్లలందరికీ చెబుతాను.

రాస్తావా, బొమ్మలేస్తావా, ఏదో ఒకటి తేల్చుకో అని మిమ్మల్ని అడుగుతారు. తేల్చుకోకండి. అడివి బాపిరాజు (1895–1952) తేల్చుకోలేదు. రాజమండ్రి కాలేజీలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయ ప్రిన్సిపాలు ఆయన చేతిలో బొమ్మను గుర్తుపట్టాడు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ దగ్గర చిత్రకళ నేర్చాడు. నవలలు రాశాడు, పాటలు కట్టాడు, సినిమాలకు కళాదర్శకుడయ్యాడు, హైదరాబాదులో మీజాన్ పత్రిక నడిపాడు. నారాయణరావు నవల చదువుతుంటే గదిలో వెలుతురు ఏ కిటికీ నుంచి పడుతోందో తెలుస్తుంది. అది బొమ్మలేసేవాడి వాక్యం. శీలా వీర్రాజు (1939–2022) కూడా అంతే. మైనా నవలా రాశాడు, కవిత్వమూ రాశాడు, ఇతరుల పుస్తకాలకు అట్టలూ వేశాడు. రెండు చేతులున్నవాణ్ని ఒక చెయ్యి కట్టేసుకోమనే సలహా ఎక్కడి న్యాయం?

మీకు రానిదేదో కూడా పరిచయంలో రాయండి. ఇది వింటే అందరూ బెదిరిపోతారు. మన లోపం మనమే చాటుకోవడమా అంటారు. నేను ఒంటరి మనిషిని గీయలేను. ముప్పై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాను. కాగితం మధ్యలో ఒక్కణ్ని నిలబెడితే కాసేపటికి వాడి వెనక ఇంకొకడు, పక్కన సైకిలు, దూరంగా టీ బండి, దాని చుట్టూ నలుగురు చేరిపోతారు. క్యాంపులో మనిషిని ఒంటరిగా నేనెప్పుడూ చూడలేదు. నీళ్ల కుళాయి దగ్గర వరస, షిఫ్టు మారే వేళ సైకిళ్ల గుంపు, చావింటి ముందు గుంపు, గణపతి పందిట్లో గుంపు. ఈ సంగతి రాసినప్పట్నుంచి నాకు గుంపులున్న కథలే బొమ్మలకొస్తున్నాయి, నా చెయ్యికీ వాటికీ పొత్తు కుదిరింది.

రంగులకన్నా గీత ఎక్కువ ఇష్టమని కూడా రాస్తాను. దానికీ చోటుంది. నాన్న ప్లాంటులో ప్లేట్ల మీద మార్కింగు చేసేవాడు. కోయబోయే ఉక్కు పలక మీద సుద్ద పూసిన దారాన్ని ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు బిగించి పట్టుకుంటారు. మధ్యలో వేళ్లతో కాస్త పైకి లాగి వదిలితే టప్పున తెల్లటి గీత పడుతుంది. ఒక్కటే దెబ్బ. చెరపడం, దిద్దడం ఉండదు. ఆ గీత వెంట గ్యాస్ కట్టరు నడుస్తుంది. దేశానికి దశాబ్దాల పాటు రైలు పట్టాలు చేసిపెట్టిన ఊరు మాది. ఇక్కడ పిల్లలు గీత తిన్నగా ఉండటం ఎందుకవసరమో వేరే నేర్చుకోనక్కర్లేదు. ఇంట్లో గచ్చు మీద నాన్న నాకది చేసి చూపించాడు. ఇండియన్ ఇంకులో నిబ్బు ముంచినప్పుడల్లా నా చెవిలో ముందు ఆ టప్పు వినబడుతుంది.

ఇక తెలుగు కాని ఇష్టాల సంగతి. తెలుగు పాఠకుల ముందు తెలుగు ఇష్టాలే చెప్పాలని, లేకపోతే పరాయివాడనుకుంటారని భయం ఉంటుంది మనకు. ప్రవాసంలో పుట్టినవాళ్లకు మరీనూ. ఆ భయంతో సగం మనిషిని దాచుకుంటాం. దాచకండి.

నాకు కథ చెప్పడం నేర్పింది తీజన్ బాయి. ఈ పక్కనే గనియారీ పల్లెలో పుట్టిన పండవానీ గాయని, మా ఉక్కు కర్మాగారంలోనే ఉద్యోగం చేసింది, 2019లో పద్మవిభూషణ్ అందుకుంది. ఆడవాళ్లు కూర్చుని పాడాలనే కట్టుబాటున్న చోట ఆమె లేచి నిలబడి, కాపాలిక పద్ధతిలో మహాభారతం చెప్పింది. చేతిలో ఉన్నది ఒక్క తంబూరా. భుజాన పెడితే భీముడి గద. అడ్డంగా పట్టి లాగితే అర్జునుడి విల్లు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. మా బుర్రకథలోనూ ఇంతేరా, తంబురా ఒక్కటే ఉంటాది, అన్నీ అదే అవతాది అన్నాడు నాన్న. బొబ్బిలి యుద్ధం బుర్రకథ విని పెరిగినవాడు, ఛత్తీస్‌గఢీ ఒక్క ముక్క సరిగా రానివాడు, ఆ రాత్రి కదలకుండా కథంతా విన్నాడు. ఒకే వస్తువు పది వస్తువులయ్యే ఆ పద్ధతినే నేను బొమ్మల్లో వాడుకుంటాను. నా బొమ్మల్లో సైకిలు ఒకచోట మంచం, ఒకచోట కావడి, ఒకచోట పాడె.

తిండి కూడా రాయండి. తిండి రాస్తే స్థాయి తగ్గుతుందని నాకు చెప్పినవాళ్లున్నారు. వేసవి పొద్దున మా ఇంట్లో తరవాణి అన్నం, పక్కింట్లో బాసీ. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినడమే రెండూ. పక్కింటి ముసలమ్మను అందరం దాయి అనేవాళ్లం, ఛత్తీస్‌గఢీలో అమ్మ అని. దాయి, మా అమ్మ ఒకరి భాష ఒకరికి రాని రోజుల్లో గోడ మీది నుంచి ఆ గిన్నెలు మార్చుకునేవాళ్లట. ముందు కుదిరింది ఆ స్నేహం, మాటలు తర్వాత వచ్చాయి. 2022 మేడేనాడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కార్మికుల గౌరవంగా అందరూ బోరే బాసీ తినాలని పిలుపునిచ్చినప్పుడు, పెద్ద పెద్దవాళ్లు ఆ గిన్నెలతో కూర్చున్న ఫొటోలు చూసి నాకు దాయి చెయ్యి గుర్తొచ్చింది, గోడ మీది నుంచి చాపిన చెయ్యి.

అందుకే మాటలో హిందీ దొర్లితే దొర్లనివ్వండి, ఛత్తీస్‌గఢీ దొర్లినా అంతే. శ్రీకాకుళం యాస ఉంటే ఉండనివ్వండి. మా వీధిలో కాంట్రాక్టరును ఠేకాదారనే అంటారు. ఆ మాట తీసేసి గుత్తేదారని రాస్తే తెలుగు బాగుపడుతుందేమో గానీ మా వీధివాడు ఆ వాక్యంలోంచి లేచి వెళ్లిపోతాడు.

ఇవన్నీ నేను తేలిగ్గా తెలుసుకోలేదు. మొదటిసారి నా కథ నా బొమ్మతో సహా ఒక పత్రికలో అచ్చవబోతున్నప్పుడు, నాకు దారి చూపించే పెద్దాయన ఒకరు పరిచయం చూసి ‘క్యాంప్ 1’ కొట్టేయమన్నారు. శరణార్థుల శిబిరంలా ఉంది, విశాఖపట్నం అని రాయి, మీవాళ్లది అటువైపే కదా అన్నారు. నా మంచికే చెప్పారు. రాశాను. పత్రిక వచ్చింది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కథ ముందు నా పేరు చదివాడు, ఊరు చదివాడు. మళ్లీ చదివాడు. కోపం లేదు గొంతులో, నిజంగా తెలియకే అడిగాడు: ‘ఇశాకపట్నంలో మనకెవులున్నార్రా?’

ఆ పత్రిక ఇంట్లో ఇప్పటికీ ఉంది. బొమ్మ బాగానే వచ్చింది. దాన్ని ఎవరికీ చూపించబుద్ధి కాలేదు.

అందుకని ఆఖరు పని ఒకటుంది, దాన్ని మాత్రం తప్పించుకోకండి. పరిచయం రాశాక సంపాదకుడికి పంపే ముందు ఇంట్లో గట్టిగా చదవండి. సాహిత్యం తెలిసిన స్నేహితుడికి కాదు, మీరు పుట్టినప్పట్నుంచి మిమ్మల్ని చూస్తున్నవాళ్లకి. వాళ్లు ఎక్కడ ముఖం చిట్లిస్తే అక్కడ మీరు అబద్ధమో గొప్పో రాశారు. ఎక్కడ ఇంకో మాట కలుపుతారో అక్కడ మీరు మర్చిపోయింది ఉంది.

నాన్న పోయాక మొన్న మళ్లీ ఒక పుస్తకానికి పరిచయం అడిగారు. ఇలా రాశాను: ‘క్యాంప్ 1, భిలాయి. బొబ్బిలి నుంచి వచ్చిన మార్కింగు మేస్త్రీ కొడుకుని. శంకర్ బొమ్మల మీద తెలుగు, వపా బొమ్మల మీద ఓపిక, బాపు అక్షరాల మీద చేతిరాత నేర్చుకున్నాను. తీజన్ బాయి తంబూరా ఇష్టం. వేసవి పొద్దున తరవాణి ఇష్టం. ఎర్రటి రాత్రి ఇష్టం. ఒంటరి మనిషిని గీయడం రాదు. కథలు రాస్తాను, బొమ్మలేస్తాను.’ పేరు కింద పెట్టాను.

అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చదివి వినిపించాను. ఎర్రటి రాత్రి దగ్గర తలూపింది. అంతా అయ్యాక కాసేపు ఊరుకుని, పక్కింటి గోడ వైపు చూసి అంది:

‘దాయి ఊసు ఎత్తనేదేట్రా?’

కాగితం మళ్లీ లోపలికి తీసుకెళ్లాను.